స్కేలు కోసం వెళ్లిన కృపాదానం

మైపాడులో ఒకసారి ఒక ఇంగ్లీషు మాట రెండు లారీల చేపల్ని మింగేసింది. రెండు లారీలంటే కొంచెం ఎక్కువేమో. ఒక లారీ అనుకోండి, అది కూడా నిండుగా లేదు. మింగిందన్నది మాత్రం నిజం.

ఆ మాటను రేవులోకి తెచ్చినవాడు కృపాదానం. నెల్లూరు మిషన్ బడిలో థర్డ్ ఫారం దాకా చదువుకుని, మత్స్యకారుల సంఘానికి కొత్తగా గుమాస్తా అయ్యాడు. మణుగులూ వీశెలూ పోయి కిలోలు వచ్చిన రోజులవి. సర్కారు ముద్ర ఉన్న తక్కెడలో తూస్తే తప్ప చేపలు కొననని లారీ వర్తకుడు తెగేసి చెప్పాడు. తక్కెడ తెప్పించే పని సంఘం పెద్ద ఆదెయ్య కృపాదానానికి అప్పజెప్పాడు.

తక్కెడ అనడం కృపాదానానికి నామోషీ. ఆ మాట ఉల్లిపాయలమ్మే వాళ్లది. అందుకని బస్సు కండక్టరును పిలిచి, "నెల్లూరి నుంచి మంచి స్కేలొకటి పట్రా అబ్బయా" అన్నాడు దర్జాగా.

సాయంత్రం కండక్టరు అడుగు పొడవు చెక్కబద్ద తెచ్చి చేతిలో పెట్టాడు.

"చేపను పండబెట్టి కొలస్తావా గుమాస్తా?" అంది చేపలమ్మే మస్తానమ్మ. "తోకతో కలిపా, తోక తీసేసా?"

రేవంతా నవ్వింది. ఆదెయ్య నవ్వలేదు.

"రేపు పొద్దుగూకేటప్పటికి లారీ వస్తాది. ఆ లోపల తక్కెడ ఈడుండాల. లేకుంటే నీ గుమాస్తా పని ఇంకోడికిచ్చేస్తా. నువ్వు పడవెక్కి వల గుంజుకో."

కృపాదానం పడవ నీడలోకి కూడా పోడు.

తెల్లారి బస్సుకు బయలుదేరుతుంటే భార్య ఎలిశబెతు అన్నం మూట అందిస్తూ, "తక్కెడ అని అడిగితే నోరు పడిపోతాదా?" అంది.

"వాడికి ఇంగ్లీషు రాకపోతే నా తప్పా?" అని విసురుగా గడప దాటాడు.

నెల్లూరులో తనెరిగిన హజరత్తయ్య ఇనప సామాన్ల అంగడికి వెళ్లాడు.

"స్కేలు కావాలి."

"పుస్తకాలంగట్లో అడుగన్నా."

"ఆ స్కేలు కాదయ్యా! చేపలకి! ఫిష్ స్కేల్!"

అదే అంగట్లో మేకులు ఏరుకుంటున్న పెద్దాయన ఒకరు తలెత్తారు. కర్మకొద్దీ ఆయన పద్మనాభయ్య గారు, బళ్లో కృపాదానానికి ఇంగ్లీషు చెప్పిన అయ్యవారు.

"ఫిష్ స్కేలంటే పొలుసు గదరా?"

"మైపాడోడివి, పొలుసు కొనేదానికి నెల్లూరొచ్చినావా?" అన్నాడు హజరత్తయ్య.

"అయ్యవారూ, నాకు కావాల్సింది..."

"ఆగరా. ఆ మాట మూడిళ్లలో పుట్టింది. చేప పొలుసు స్కేలు ఫ్రెంచి వాళ్లది, చిప్ప అని అర్థం. తూకం స్కేలు ఉత్తరాన మంచుదేశాల వాళ్లది, వాళ్లు తాగే గిన్నె పేరది. నువ్వు గీతలు గీసే స్కేలు లాటిన్ నిచ్చెన. గీతలన్నీ మెట్లు గదా! సంగీతంలో స్కేలుందే, అదీ నిచ్చెనే..."

మైపాడుకు తిరిగిపోయే మధ్యాహ్నం బస్సు హారన్ మోగింది. కృపాదానం చెమటలు కక్కుతూ ఒంటికాలి మీద నిలబడ్డాడు. అయ్యవారి మాటకు అడ్డం పడే ధైర్యం బళ్లోనూ లేదు, ఇప్పుడూ లేదు. నిచ్చెన మీంచి ఆయన జీతాల స్కేలు దాకా ఎక్కారు. అక్కడ తన పెన్షను గుర్తొచ్చి మరి దిగలేదు. బస్సు కదిలిన చప్పుడు వినబడింది.

"తక్కెడ! తక్కెడ కావాల నాకు!" కృపాదానం గొంతు చించుకున్నాడు.

హజరత్తయ్య పైకి చూపించాడు. "ఇందాకట్నుంచీ నీ నెత్తిమీదే గదన్నా ఏలాడతా ఉండాది."

తక్కెడ భుజాన వేసుకుని, దొరికిన ఎడ్లబండి ఎక్కి మైపాడు చేరేసరికి చీకటి పడింది. లారీ ఖాళీగా తిరిగిపోయింది. ఆడవాళ్లు తిట్టుకుంటూ చేపలు చీల్చి ఉప్పు పట్టిస్తున్నారు.

"ఏందింత ఆలస్యం?" అన్నాడు ఆదెయ్య.

"ఆ మాట మూడిళ్లలో పుట్టిందన్నా..."

"అట్నా? నాలుగో ఇల్లు నేను చూపిస్తా పా" అని ఆదెయ్య పడవ వైపు చెయ్యి చాపాడు.

ఇదంతా ఇప్పుడు కృపాదానాన్ని అడిగితే ఇంతెత్తున లేస్తాడు. "నేను పడవెక్కడమా! ఎవురు చెప్పినారు మీకు? ఆ పొద్దు సముద్రంలో ఒక్క చేప పడలా. ఇంగ్లీషంటారా, ఆ భాష నాకు బొత్తిగా రాదు."