అంచు తుంచిన జొన్నరొట్టె

నా చిన్నప్పుడు కరీంనగర్‌లో ఎవరు కొత్త హోటల్ పెట్టినా, పొయ్యి అంటుకోకముందే దాని వాసన మా తాతయ్య ముక్కుకు అందేది. మాది నేత ఇల్లు. ఆయన మగ్గం గుంటలో కూర్చున్నా ముక్కు మాత్రం బజార్లోనే ఉండేది. ఏ సందులో మిర్చి బజ్జీలు వేస్తున్నారో, ఎవరు పూరీలోకి కొత్తరకం కూర చేస్తున్నారో ఆయనకు తెలియకుండా పోయేది కాదు. పోయేటప్పుడు నన్ను వెంటబెట్టుకునేవాడు. తిండి మీద ఎంత ప్రేమో, వండినవాళ్ల మీద అంత అనుమానం. చాయ్ చుక్కను బొటనవేలి గోరు మీద వేసుకుని ఎండకు పట్టి చూసేవాడు. బజ్జీ విరిచి వాసన పీల్చి, ఆ నూనె ఏ గానుగదో, ఆ గానుగ తిప్పిన ఎద్దు ఏ రంగుదో చెప్పేవాడు.

ఎద్దు రంగు నేను కలిపాను. నూనె పాతదని మాత్రం చెప్పేవాడు. హోటలాయన కాదనేవాడు, ఇద్దరూ గొడవపడేవారు, ఆ తర్వాత బజ్జీలన్నీ తాతయ్యే తినేవాడు.

ఆ రోజుల్లోనే బస్టాండు వెనక సందులో ఒకామె రొట్టెల హోటల్ పెట్టింది. దూరాన సరిహద్దు దగ్గరున్న బోథ్ వైపు మనిషి, మాటలో మరాఠీ యాస. రేకుల కింద ఒక పొయ్యి, రెండు బల్లలు, కొంగు పట్టుకుని తిరిగే చిన్న కూతురు, అంతే ఆమె సంసారం. జొన్నరొట్టె, అందులోకి జున్కా అమ్మేది. శనగపిండిని ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి పొడిపొడిగా వండే పసుపుపచ్చని కూర అది. మా వాడలో అప్పటిదాకా దాన్ని ఎవరూ చూడలేదు. జొన్నరొట్టె ఇంట్లో రోజూ తినేదే, డబ్బులిచ్చి బజార్లో తినడమేమిటని మొదట నవ్వారు. తర్వాత నవ్వడం మాని గుసగుసలాడారు. మొగుడేడి? ఇంత దూరం ఒంటరిగా ఎందుకొచ్చింది? కూరలో మందు పెట్టి మొగుణ్ణి పిచ్చివాణ్ణి చేసిందట, ఇప్పుడు మన మగవాళ్ల మీద పడిందట!

మందు పెట్టడమంటే మా వైపు చిన్న మాట కాదు. తిండిలో ఏదో కలిపి మనిషిని గుప్పిట్లో పెట్టుకుంటారని, తిన్నవాడు ఆ గడప వదలలేడని పెద్దవాళ్లే నమ్మేవారు. ఆ కూర రంగు చూస్తే నాకూ నిజమేననిపించేది. ఒక తిండి అంత పచ్చగా ఉండాల్సిన అవసరమేమిటి?

పక్కింటి అక్క ఒక్కతే జాలిపడి ఒకరోజు గిన్నెలో బియ్యం పోసుకుని వెళ్లింది. హోటలామె ఆ గిన్నెను అలాగే తిప్పి పంపింది. "హోటల్ పెట్టుకున్న అక్కా, జోలె పట్టుకోలే" అన్నదట. దాంతో పొగరుబోతన్న పేరు కూడా వచ్చింది.

ఇలా ఉండగా మా తాతయ్య రోజూ మధ్యాహ్నం మగ్గం దిగి ఆ సందులోకి పోవడం మొదలుపెట్టాడు. నన్ను రమ్మనలేదు. నా అనుమానం అక్కడ మొదలైంది. నాయినమ్మ అనుమానం వేరు. హోటల్లో రొట్టె తిని వచ్చిన మనిషి ఇంటికొచ్చి మళ్లీ పొద్దంతా పస్తున్నవాడిలా అన్నం తింటున్నాడు. పెట్టిన మందు ఒంట్లో పారితే ఆకలి ఆగదని ఆమెకు ఎవరో చెప్పారు. మూలకు పిలిచి నా చెవిలో ఊదింది.

"ఓరి బిడ్డా, గా ముసలోడు ఏం తింటుండో, ఆమె ఏం పెడ్తుందో జర కండ్లార చూసి రా. నువ్వు మాత్రం ఏం ముట్టకు."

గోడ చాటున పిల్లిలా నక్కి అంతా చూశానని నా మనవలకు చెబుతుంటాను. అక్కడ గోడ లేదు. ఒక కరెంటు స్తంభం ఉంది, దాని వెనక ఎవరూ దాక్కోలేరు. తాతయ్య అటు తిరిగి కూర్చున్నాడు కాబట్టి బతికిపోయాను.

ఆమె పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. తాతయ్య చెయ్యి పెట్టలేదు. పళ్లేన్ని ఆమె వైపు నెట్టాడు.

"ముందుగల్ల నువ్వు తిను. ఊరంత ఏమంటుందో ఎరుకే గద. నాకు అనుమానం."

"రోజూ గిదే లొల్లి కాకా! నిన్న తిన్న, మొన్న తిన్న. సచ్చిన్నా?"

"నిన్నటిది నిన్నటికి. ఇయ్యాల్ల కలిపినవేమో!"

ఆమె విసుక్కుంటూ ఎదుటి బల్ల మీద కూర్చుంది. రొట్టె తుంచి, జున్కా అద్దుకుని నోట్లో పెట్టుకుంది. అనుమానం తీర్చడానికి తినే మనిషి గబుక్కున మింగి లేస్తుంది. ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది. చెయ్యి దానంతటదే రెండో ముక్క కోసం పోయింది. పోయిందని తెలిసి సగంలో ఆగింది. తాతయ్య మొహం పక్కకు తిప్పుకుని, వీధిలో పోయే సైకిళ్లను చూస్తూ అన్నాడు.

"అంచు తింటే ఏం తెలుస్తది? మందు నడిమిట్ల ఉంటది. నడిమిట్లది తిని చూపెట్టు. గా కూర గూడ అడుగుదాక తిను."

అలా ఆ పళ్లెంలో ముప్పాతిక భాగం ఆమెతోనే తినిపించాడు. మిగిలిన ముక్క తాను తిని, డబ్బులు బల్ల మీద పెట్టి, "రేపు గూడ చూస్త" అని బెదిరించి మరీ లేచాడు.

నేను పరుగున ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అంటే, ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారని, ఆమె కళ్లు మూసుకుని మంత్రం చదివిందని, తాతయ్య తల తిరిగి వేరే దిక్కు చూశాడని చెప్పాను. ఇందులో మంత్రం ఒక్కటే నాది.

మర్నాడు మధ్యాహ్నం నాయినమ్మ కొంగు నడుముకు చుట్టి బయలుదేరింది. వెనక నేను, నా వెనక వాడంతా. వాడంతా కాదు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. మేము పోయేసరికి ఆమె రొట్టె తుంచుతోంది, తాతయ్య సైకిళ్లు చూస్తున్నాడు.

"ఏందయ్యా, పరాయి ఆడిమనిషి తింటుంటే కావలి కూసున్నవ్?"

తాతయ్య తడబడ్డాడు. "అనుమానమే. మందు కలిపిందేమోనని..."

ఆమె గభాలున లేచి నిలబడింది. రొట్టె ముక్క ఇంకా చేతిలోనే ఉంది. తలవంచుకుని, "పరేషాన్ గాకు అవ్వా. రేపు మా ఊరికి పోతున్న. హోటల్ తీసేస్తున్న" అంది. నాయినమ్మ ఆమె మెడకింద పొడుచుకొచ్చిన ఎముకలను చూసింది. రొట్టె పట్టుకున్న చేతిని చూసింది. పొయ్యి పక్కన తల్లి పెట్టిన రొట్టె తింటున్న పసిదాన్ని చూసింది. తర్వాత తాతయ్యను చూసింది. రోజూ ఇంటికొచ్చి ఆయన అంత అన్నం ఎందుకు తింటున్నాడో అప్పుడు తెలిసినట్టుంది. ఆయన భుజాన్ని నెట్టి, బల్ల మీద కూర్చుంది.

"జరుగు. మందు సంగతి మొగోళ్లకేం తెలుస్తది? బిడ్డా, నాకో పళ్లెం తే. నాకు ఈ ముసలోనికన్న ఎక్కువ అనుమానం. సగం తిని చూపెట్టందే ముట్ట."

అక్కడ ఏం జరుగుతోందో అర్థం కానిది నాకొక్కడికే. "తినకు నాయినమ్మా!" అని నేను పెట్టిన కేకకు బస్టాండులో బస్సులు ఆగిపోయాయి. సరే, బస్సులు అక్కడ ఎప్పుడూ ఆగే ఉంటాయి. ఒక సైకిలాయన మాత్రం కాలు కింద పెట్టి చూశాడు. నాయినమ్మ నా నోట్లో ఒక ముక్క కుక్కింది. కారంగా, కమ్మగా ఉంది. నేను ఏడుపు ఆపి రెండో ముక్క అడిగాను.

నాయినమ్మ తిన్న చోట అనుమానపడేంత ధైర్యం మా వాడలో ఎవరికీ లేదు. వెంట వచ్చినవాళ్లు అప్పుడే కూర్చున్నారు, తర్వాత వాళ్ల మగవాళ్లు వచ్చారు. ఆమె ఊరికి పోలేదు. హోటల్ నిలబడింది.

తాతయ్యను నేను చాలాసార్లు అడిగాను, నీకు నిజంగా అనుమానమా, లేక ఆమె ఆకలి తెలిసే అలా చేశావా అని. "నిజంగనే అనుమానంరా" అనేవాడు. చివరిదాకా ఒప్పుకోలేదు.

కొన్నాళ్లకు ఆయనకు జ్వరమొచ్చి మంచం పట్టాడు. అప్పుడు ఆమె గుడ్డలో రొట్టె చుట్టి నాతో పంపింది. విప్పి చూస్తే ఒక అంచు తుంచి ఉంది. "నేను తిని చూసిన, ఫికర్ లేదని మీ తాతకు చెప్పు" అంది. నేను ఆ మాట చెప్పాను. తాతయ్య ఆ తుంచిన చోటును వేలితో తడిమి, వాసన చూడకుండా, ఏమీ అడగకుండా తిన్నాడు. జీవితంలో ఆయన అలా తినడం నేను చూసింది అదొక్కసారే.

ఇప్పుడు కరీంనగర్‌లో వారానికొక కొత్త రెస్టారెంట్ వస్తోంది. మనవడి బండెక్కి అన్నీ తిరుగుతున్నాను. కుండ బిర్యానీలు, మంట మీద ఊగుతూ వచ్చే కబాబులు, పేరు పలకలేని తెల్లటి సూపులు. పిల్లలు తిండికి ఫోటోలు తీస్తుంటే నేను పళ్లెం తెచ్చి పెట్టినవాడి మొహం చూస్తాను. పెదాలు ఎండి ఉంటే, ఖాళీ పళ్లెంలో కొంత తీసి అటు జరిపి, "ఉప్పు మీద నాకు అనుమానంగా ఉందయ్యా, జర తిని చెప్పు" అంటాను. చాలామంది నవ్వి తప్పుకుంటారు. ఓనర్ చూస్తాడని భయపడేవాళ్లూ ఉన్నారు. ఎప్పుడో ఒకడు గోడవైపు తిరిగి తింటాడు. అప్పుడు నేను వీధిలో పోయే బండ్లను చూస్తూ కూర్చుంటాను. మా కోడలికి ఇది తలవంపులు. "మామయ్యకు ప్రతిదీ అనుమానమే" అంటుంది. అననీ. ఆకలి ఉందా అని అడిగితే లేదనేవాళ్లే ఎక్కువ. అందుకే నేను అడగను, అనుమానిస్తాను.