మూసీ దారిలో ఎర్ర బాణాలు

నేను ఒక దగ్గర కూర్చునే మనిషిని కాదు. ఒకప్పుడు కూర్చునేవాడినే. శాలిబండలో మా నాన్న పెట్టిన పెయింటింగ్ దుకాణంలో ముప్పై ఏళ్లు ఒకే స్టూలు మీద కూర్చుని బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక కూడా బండ్ల నంబర్లు రాసుకుంటూ అక్కడే కూర్చున్నాను. నన్ను అక్కణ్ణుంచి లేపింది ఒక ఎర్ర గుర్తు.

ఒక పొద్దున షట్టర్ ఎత్తబోతే పక్క గోడ మీద కనబడింది. ఒక అడ్డగీత, దాని కింద నంబరు. ఇంకా పచ్చిగానే ఉంది. రోడ్డు వెడల్పు చేస్తారట, ఆ గీత దాకా పోతుందట అన్నారు. ఎప్పుడంటే ఎవరికీ తెలియదు. నాకు మొట్టమొదట దేనికి కోపం వచ్చిందో చెబితే నవ్వుతారు. ఆ గీసినవాడికి బ్రష్ పట్టుకోవడం రాదు. ఏడు అంకె వంకర, రంగంతా కిందికి కారింది. పడగొట్టేదేదో కాస్త శుభ్రంగా రాసి పడగొట్టకూడదా! మా నాన్న ఉంటే వాణ్ణి పిలిచి, చెయ్యి పట్టుకుని మళ్లీ రాయించేవాడు.

దుకాణం నెత్తిన ఇప్పటికీ ఆయన రాసిన బోర్డే ఉంది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింట్లోనూ 'పెయింటర్' అని. నేను చేయి తిప్పడం నేర్చుకుంది ఆ బోర్డు చూసే.

ఇక ఆ రోజు నుంచి నా కాలు నిలవలేదు. బయట ఏ పెద్ద బండి ఆగినా లేచి చూడటం, టీ పేరుతో చార్మినార్ దాకా వెళ్లి రావడం, వచ్చి గోడను తడిమి చూడటం. లాల్‌దర్వాజాలో ఇంటికి వెళ్తే అక్కడా అదే తీరు. తింటూ తింటూ లేచిపోయేవాణ్ణి. మా ఆవిడ విసిగిపోయింది.

"దుకాణం ఏడికీ పోతలేదు గని, నువ్వే పోతున్నవ్ రోజుకు పదిసార్లు. గా నడిచేదేదో జర దూరం పోయి నడువరాదు? నాకన్న పానం సల్లవడతది" అంది.

ఆ మాట అన్న వారంలోనే సైదాబాద్‌లో ఉండే సార్ ఒకాయన దుకాణానికి వచ్చారు. బడిలో సోషల్ చెప్పి రిటైరైన మనిషి, ఇంటి పేరుపలక రాయించుకోవడానికి వచ్చారు. ఆదివారాలు పదిమందిని వెంటేసుకుని మూసీ వెంబడి పల్లెల్లో నడుస్తుంటానని చెప్పారు. "నువ్వు గూడ రా తమ్మీ" అన్నారు. ఆయన నోట్లో మాట నోట్లో ఉండగానే సరే అన్నాను.

ఉప్పల్‌లో బస్సు మారి, ఇంకో గంట వెళితే ఆ దారి మొదలవుతుంది. మొదటిసారి నాకు నవ్వొచ్చింది. ఏరు నిండా సబ్బు నురగ. మన ఇళ్లల్లో స్నానం చేసి వదిలిన నీళ్లను చూడటానికి ఇంత దూరం వచ్చామా అనిపించింది. కానీ ఆ నీళ్లతోనే రెండు ఒడ్డుల వెంటా పారగడ్డి పచ్చగా పెరిగి ఉంది. కోసిన గడ్డి మోపులు పట్నంలో బర్రెలకు పోతాయి. మధ్యలో బండల గుట్టలు. ఒకచోట బాటసారులు దిగే పాత సరాయి, పైకప్పు పోయి కమాన్లు మాత్రం నిలబడ్డాయి. ఇంకోచోట మెట్ల బావి. పొలం గట్టున కత్తి పట్టిన వీరుడి రాయి, ఎవరో దానికి పసుపు పూసి పోతారు. చివర కత్వ, అంటే నదికి అడ్డంగా ఎప్పుడో రాళ్లతో కట్టిన ఆనకట్ట. అక్కడ కూర్చుని తెచ్చుకున్న డబ్బాలు విప్పుతాం. ఆ ఒక్క పూట గోడ గుర్తుకు రాలేదు నాకు. వారమంతా ఆదివారం కోసం కొట్టుకుపోయేవాణ్ణి.

ఒక్కటే తిప్పలు. మేకల బాటలు ఎక్కువ, దారి తప్పేవాళ్లం. ఒకసారి ఎండలో రెండు గంటలు తిరిగి తిరిగి మళ్లీ సరాయి దగ్గరికే వచ్చాం. సార్ చెమట తుడుచుకుంటూ నా వైపు చూశారు.

"తమ్మీ, పెయింటర్‌ను ఎంటవెట్టుకొని దారి తప్పుడేంది? నాలుగు బాణాలు గీయరాదు?"

ఎన్నాళ్లకు అడిగారు నన్ను, బ్రష్ పట్టమని! మరుసటి బుధవారమే ఒక్కణ్ణే వెళ్లాను. దుకాణంలో ఎర్ర ఎనామెల్ సగం డబ్బా మిగిలి ఉంది, దూరానికి కనబడుతుందని అదే పట్టుకెళ్లాను. బండల మీద, సరాయి గోడ మీద, తుమ్మ చెట్టు మొదట్లో గీసుకుంటూ పోయాను. మా నాన్న బాణం తోకకు చిన్న మెలిక తిప్పేవాడు, నేనూ అంతే. కత్వకు ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా దారి రెండుగా చీలుతుంది. అక్కడ ఒక మట్టిగోడ, పైన రేకులు, తలుపుకు గొళ్లెం. చుట్టూ పేడ. ఎవరిదో బర్రెల కొట్టం అనుకున్నాను. ఆ గోడ మీద అన్నింటికంటే పెద్ద బాణం గీసి, కింద '3' అని వేశాను. వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాను కూడా.

రెండు వారాలకు అందరం కలిసి ఆ దారిన వెళ్లాం. బాణం బాణానికీ ఆగి అందరూ నన్ను పొగుడుతున్నారు. నేనూ లేదు లేదంటూ ఇంకో బాణం దగ్గరికి ఉరుకుతున్నాను. చీలిక దగ్గరికి వచ్చేసరికి గోడ ఉంది, నా బాణం ఉంది, పైన రేకులు లేవు. తలుపు లేదు. లోపలికి ఎండ పడుతోంది. రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పక్కన వేపచెట్టు కింద టార్పాలిన్, కట్టేసిన బర్రె. చెక్కతలుపును నేల మీద పరిచి దాని మీద ఒక ముసలామె కూర్చుని ఉంది.

"ఏమైందవ్వా?" అని సార్ అడిగారు.

"ఏమైతది? నేను పట్నంల గడ్డి అమ్మిరాబోతే, ఎన్కనే మార్కు ఏసి పోయిండ్రు" అంది. "సూడుండ్రి, బాణం గూడ గీసిండ్రు. గీడికెళ్లి కూలగొట్టుండ్రని తలుపు దిక్కు సూపెట్టిండ్రు."

నేను గోడ వైపు తిరిగి చూశాను. నిజమే, బాణం మొన సరిగ్గా తలుపు ఉండే చోటికే చూపిస్తోంది.

ఆమె చెబుతూనే ఉంది. ఇదివరకు పట్నంలోనే, నది ఒడ్డున ఉండేవారట. అప్పుడూ ఇలాగే ఎర్రగా గీసి నంబరు వేశారట. "గప్పుడు రేపు మాపు అనుకుంట కూసున్నం. కూలగొట్టే మిషిన్ రానే వచ్చె. మా ముసలాయన వడ్రంగి పని చేసెటోడు, ఆయన చేసిన తలుపు మా కండ్ల ముంగటనే ముక్కలైంది. ఈడికొచ్చినంక గా మనాదితోనే మళ్ల ఈ తలుపు చేసిండు, చేసి ఆర్నెల్లకు పోయిండు. గీసారి నేను కూసోలే బిడ్డా. నేనే ఇప్పుకున్న."

పదకొండు రోజులుగా టార్పాలిన్ కింద పడుకుంటోందట. రాత్రిళ్లు తలుపు మీదే నిద్ర, ఎవరూ ఎత్తుకుపోకుండా.

మావాళ్లలో ఇద్దరు నా వంక చూశారు. సార్ నోరు తెరవబోయారు, నేను ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. సిగ్గులేకుండా ముందుకు నడిచాను. అవును, నడిచాను. కత్వ దగ్గర అందరూ డబ్బాలు విప్పారు. నేను నా డబ్బా విప్పలేదు. లేచి ఒక్కణ్ణే వెనక్కి వచ్చాను.

"అవ్వా, అది నేను గీసిన. కూలగొట్టేదానికి కాదు. మేం నడిచే దారికి గుర్తు."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "గిట్ల చెప్పి రమ్మని తోలిండ్రా నిన్ను? నేను మళ్ల లోపలికి పోతే మీదికెళ్లి మిషిన్ తోలెతందుకా?"

ఒట్టు పెట్టినా నమ్మలేదు. చివరికి ఒక పుల్ల తీసుకుని నేల మీద బాణం గీశాను, తోకకు మెలిక తిప్పాను. ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్లి చూసింది, వచ్చి నేలను చూసింది. మళ్లీ వెళ్లి చూసింది. ఆ తర్వాత మొదలుపెట్టింది.

"నీ చేతులు ఇరుగ! నీ కండ్లు మండ! నడుస్తరట, నడుసుండ్రి, ఎవలొద్దన్నరు? నా గోడ నీ అయ్య గోడనా? పదకొండు దినాలాయె, పానం అరచేత్ల వెట్టుకొని కూసున్న గద! మీ దిక్కు మార్కులు ఎయ్యరా? ఎర్ర మార్కంటే ఏందో ఎరుక లేదా నీకు?"

"ఎరుకే అవ్వా" అన్నాను. "మా దుకాణం మీద గూడ ఉంది."

ఆమె తిట్టడం ఆపేసింది.

"ఉండి గూడ ఏసినవా?"

తిట్లన్నీ భరించాను గానీ ఆ మాటకు నిలబడలేకపోయాను. అక్కడే కూలబడి ఏడ్చాను. యాభై నాలుగేళ్ల వాణ్ణి. ఆమె ఓదార్చలేదు, ఓదార్చాల్సిన పనీ లేదు. కాసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి, గడ్డి కోసుకోవడానికి వెళ్లిపోయింది.

ఆ వారమంతా రోజూ వెళ్లాను. సార్ కూడా వచ్చారు. ఇద్దరం రేకులు ఎక్కించాం. బాణం మీద థిన్నర్ రుద్దితే గోడంతా ఎర్రగా పాకింది. సున్నం వేస్తే ఎనామెల్ మీద నిలవక పెచ్చులు రాలింది. ఆమె చూసి చూసి, "నీ తోని కాదు తియ్యి" అని పార తెచ్చి, ఆ భాగం అంతా చెక్కేసి, మట్టీ పేడా కలిపి మెత్తింది. దారి పొడుగునా ఉన్న మిగతా బాణాలు కూడా సాయంత్రాలు వెనక్కి నడుస్తూ ఒక్కొక్కటే గీకేశాను. గీయడానికి ఒక పూట, గీకేయడానికి నాలుగు రోజులు పట్టింది.

అన్నీ అయ్యాయి, తలుపు మాత్రం బిగించనివ్వలేదు. పాత చీర ఒకటి అడ్డం కట్టుకుంది. బందులూ మేకులూ డబ్బాలో వేసి నెత్తికింద పెట్టుకుని పడుకుంటోంది.

"నేను గీసిందే కదా అవ్వా, పోయింది కదా" అన్నాను.

"నువ్వు కాకుంటే ఇంకోడు గీస్తడు" అంది.

ఆ తర్వాత మూడు ఆదివారాలు వెళ్లాను. ప్రతిసారీ తలుపు ఎత్తి ఎక్కడుండాలో అక్కడ నిలబెట్టేవాణ్ణి, వద్దనేది, దించేవాణ్ణి. నాలుగోసారి ముసురు పట్టి ఉంది, చీర తడిసి గోడకు అంటుకుంది. ఆమె చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి బర్రె పలుపు తెచ్చింది.

"మేకులు కొట్టకు. తాడుతోని కడతా, నువ్వు పట్టుకో" అంది.

నేను తలుపును ఎత్తి పట్టుకున్నాను. బర్రెను గుంజకు కట్టే ముడే, అదే వేసింది, పైనొకటి, కింద ఒకటి. తలుపు మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. లోపలి నుంచి మాట వినబడింది.

"ఎంత లాగినా బర్రెకు రాదు. మనిషి గీ కొస వట్టి ఒక్క గుంజుడు గుంజితే ఊడొస్తది. మిషిన్ వచ్చేలోపు తలుపు నా నెత్తి మీదుంటది." ముడి బిగిస్తూనే, "నీ దుకాణంల తీసుకపోయేటిది ఏమున్నది?" అని అడిగింది.

"మా నాయిన రాసిన బోర్డు."

"దేంతోని బిగించి ఉన్నది?"

"మేకులతోని."

తలుపు తెరిచి, మిగిలిన పలుపు ముక్క నా చేతిలో పెట్టి ముడి నేర్పించింది. రెండుసార్లు తప్పు వేస్తే రెండుసార్లూ చేతి మీద కొట్టింది.

మరునాడు పొద్దున్నే దుకాణం ముందు నిచ్చెన వేశాను. మేకులు తుప్పు పట్టి ఉన్నాయి, బోర్డు అంచు విరగకుండా పీకడానికి చాలాసేపు పట్టింది. అవ్వ ఇచ్చిన పలుపు చుట్టి, షట్టర్ పైనున్న ఇనుప కమ్మీకి ముడి వేసి, కొసను చేతికి అందేలా కిందికి వదిలాను. ఎదుటి టీ కొట్టు భాయ్ గ్లాసు కడుగుతూ అంతా చూస్తూనే ఉన్నాడు.

"క్యా భాయ్, బోర్డుకు రస్సీ కట్టినవ్? గిర్ గయా తో?"

"పడదు భాయ్" అన్నాను. "గుంజితేనే వస్తది."