తుగ్గలి డ్రిల్లు సారు వాచీ

మాది ఎమ్మిగనూరు. ఇంట్లో రెండు మగ్గాలు ఆడతాంటాయి. ముందు గదిలో దుప్పట్లు, తువ్వాళ్లు అమ్ముకుంటాను. ఇది కాక నాకొక పిచ్చి ఉంది. కీ ఇచ్చే పాత చేతి వాచీల్లో క్రోనోగ్రాఫ్ అని ఒక రకం. పక్కనున్న బొత్తాం నొక్కితే పెద్ద సెకన్ల ముల్లు ఉరుకుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. పదిహేనేండ్లు వెతికితే నాకు దొరికినవి నాలుగు.

వీటిని బాగు చేసే మనిషి మా పక్క ఒక్కడే, ఆదోనిలో. అందరూ భాయ్ అంటారు. పోయిన ఎండాకాలం ఆయనే ఫోన్ చేసినాడు.

"అన్నా, తుగ్గలి నుంచి ఒక రిటైరైన డ్రిల్లు సారు వచ్చినాడు. నీ రకం వాచీనే. లోపల ఒక చక్రం పళ్లు విరిగినాయి. ఆ సామాను యాడా దొరకదని వెనక్కి పంపించినాను."

మరుసటి రోజే తుగ్గలి బస్సెక్కినాను. సారుకు ఎనభై దాటింటాయి. రుమాల్లో చుట్టిన వాచీ తెచ్చి నా చేతిలో పెట్టినాడు. నల్ల ముఖం, తేనె రంగుకు తిరిగిన అంకెలు. నా దగ్గరున్న మొదటి వాచీ కూడా ఇదే కంపెనీది, ఇదే రకం.

"అమ్ముతారా సార్?" అని అడిగేసినాను.

"అమ్మేదానికైతే ఇన్నాళ్లు పెట్టుకుందునా? దీంతో ఎంతమంది పిల్లోల్ల పరుగు కొలిచినానో! ఆ ముల్లు ఒక్కసారి ఉరికేది చూస్తే చాలప్పా నాకు."

ఇంక బేరమాడ బుద్ధి కాలేదు. "నాకిచ్చి పంపండి సార్, బాగు చేయించుకొస్తాను" అన్నాను. ఆయన వాచీని మళ్లీ రుమాల్లో చుట్టి ఇచ్చినాడు.

నా మొదటి వాచీ ఆదోని సంతలో పాత సామాన్ల కుప్పలో దొరికింది. అద్దం పగిలింది గానీ మిషను నిక్షేపంగా ఉంది. దాంట్లోని చక్రం తీస్తే సారు వాచీ నడుస్తుంది, నాది ఆగిపోతుంది. నాలుగు రోజులు మనసొప్పలేదు. ఐదో రోజు రెండూ తీసుకొని భాయ్ దగ్గరికి పోయినాను.

"బాగా ఆలోచించుకున్నావా అన్నా? ఇది తీస్తే నీ దాంట్లో పెట్టేదానికి ఇంకోటి లేదు."

"తియ్యి భాయ్" అన్నాను.

మూడు వారాలు పట్టింది. ఒక ఆదివారం పొద్దున్నే వాచీ తీసుకొని తుగ్గలికి పోతే, సారు నన్ను కూర్చోనీయకుండా బడి మైదానానికి తీసుకపోయినాడు. కట్టెతో గీత గీసి, వంద అంగలేసి ఇంకో గీత గీసినాడు.

"ఉరుకు."

"నేనా సార్? యాభై దాటినాయి నాకు."

"ఈడ ఇంకెవరుండారు?"

చెప్పులు విడిచి, ప్యాంటు మడిచినాను. ఆయన రెండో గీత దగ్గర నిలబడి, వాచీ బొత్తాం నొక్కి కేకెయ్యగానే ఉరికినాను. అవతలి గీత చేరేసరికి రొప్పుతాండాను. సారు వాచీని కండ్ల దగ్గర పెట్టుకొని చూసి నవ్వడం మొదలుపెట్టినాడు.

"ఇరవై మూడు సెకన్లు! నా బళ్లో అయితే నిన్ను పక్కన కూర్చోబెట్టిందును. ఇంకోసారి ఉరుకు, ఈసారి చేతులు ఊపు."

రెండోసారి ఇరవై ఒకటి వచ్చింది. నేనే ఏదో పతకం గెల్చినట్లు సారు నా వీపు తట్టినాడు. ఆయన కండ్లు తడిసినాయి. నేను చూడనట్లే ఉండి చెప్పులు తొడుక్కున్నాను. తర్వాత వాళ్లింట్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని, మధ్యాహ్నం బస్సుకు వచ్చేసినాను.

చక్రం లేని నా వాచీని అట్లే పెట్టుకున్నాను. తీసిచ్చినందుకు బాధ లేదు. సారు వారానికొకసారి ఫోన్ చేసి, వాచీ రోజుకు ఒక నిమిషం ముందు పోతాందని ఫిర్యాదు చేస్తాడు. "ఆ వయసు వాచీకి అది మంచి ఆరోగ్యమే" అంటాడు భాయ్. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా సారు మాత్రం ఒప్పుకోడు.