బియ్యప్పిండి చల్లిన ఇంజను

నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఒక కారుకు కడుపు నిండా నూనె తాగించింది. ఆ కారే మమ్మల్ని నడిదారిలో నిలబెట్టింది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఏడాది సంగతి. నాన్న షర్క్‌లో ఒక ఆఫీసులో ఇంజనీరు, మా కాపురం జాబ్రియాలో, రెండూ కువైట్ నగరం పేటలే. నాయనమ్మ విజయవాడ నుంచి మనవడితో నాలుగు రోజులు గడుపుదామని వచ్చి, మాతోపాటే చిక్కుపడిపోయింది.

విమానాలు లేవు. ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరితే ఇండియాకు వెళ్ళవచ్చని విని, తెలుగు కుటుంబాలు కొన్ని కార్లలో కలిసి బయల్దేరాలనుకున్నాయి. అందరూ ఇరాక్ వెళ్ళే దారిలో ఉన్న జహ్రా దగ్గర కలవాలి. మధ్యాహ్నం దాకా చూస్తారు, ఆ తరవాత ఎవరికోసమూ ఆగరు. ఒంటరిగా వెళ్ళే కార్లను సైనికులు లాక్కుంటున్నారని చెప్పుకునేవారు.

ముందురోజు సాయంత్రం నాన్న ఇంజనాయిలు పోస్తుంటే నాయనమ్మ పక్కనే నిలబడింది. ప్రయాణమయ్యేవాళ్ళకు ఆమె వడ్డిస్తుంటే 'చాలు' అన్న మాట చెల్లదు. కొసరి కొసరి పెడుతుంది. "అంత ఎడారి దాటాల్సింది, దానికీ కడుపు నిండా పొయ్యరా" అంది. నూనె కొలిచే పుల్ల మీది గీత దాకా పోసి ఆగాలని నాన్నకు తెలుసు. కానీ భయంలో ఉన్నవాడికి ఎంత పోసినా తక్కువే అనిపిస్తుంది. డబ్బా మొత్తం ఒంపేశాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. అల్ రాయ్ దాటుతుండగా మాడు వాసన మొదలైంది. పొగ ఆకాశాన్నంటిందని చాలామందికి చెప్పాను. అంత లేదు, అగరుబత్తి పొగంత. అయినా అమ్మ నన్ను కిందికి దింపి దూరంగా లాక్కెళ్ళడానికి అది చాలింది.

అల్ రాయ్ అంటేనే కార్లు బాగుచేసే పేట. మా చుట్టూ వంద గ్యారేజీలు. వంద కాదు, కంటికి ఆనినవి పదో పన్నెండో. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. షట్టర్లు విరిచేసి ఉన్నాయి, లోపల పనిముట్లు లేవు. మావాళ్ళ కారు ఒకటి వచ్చి నెమ్మదించింది. అందులో బాబాయి వరసాయన చెయ్యెత్తి, దించి, వెళ్ళిపోయాడు. ఆయన్ని తప్పు పట్టలేం. ఆ కారులో ఎనిమిది మంది ఉన్నారు.

నాన్న బానెట్ ఎత్తాడు. ఇంజను పక్కంతా నూనె తడి, ఎక్కణ్ణుంచి కారుతోందో తెలియదు. ఇంజనీరని పేరేగాని ఆయన చదివింది వంతెనలు కట్టే చదువు. చేతులు నడుముకు పెట్టుకుని ఊరికే నిలబడిపోయాడు. నాన్న అలా నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

నాయనమ్మ దిగి వచ్చి వంగి చూసింది. "అంతా తడిగా ఉంటే చిల్లెక్కడో ఏం కనబడుతుందిరా? ఇంట్లో నూనె డబ్బా కారితే ఏం చేస్తాం? శుభ్రంగా తుడిచి పిండి చల్లుతాం. తడిసిన చోటు అదే చెబుతుంది."

"అత్తయ్యా, మిగిలింది ఆ బియ్యప్పిండి ఒక్కటే. దారిలో రొట్టెలకి" అంది అమ్మ.

"రొట్టె తినడానికి ముందు దారుండాలిగా అమ్మాయ్."

ఇంజను చల్లారాక నాయనమ్మ పాత పంచె ఒకటి అడిగి ఇప్పిస్తే నాన్న తుడిచాడు, ఆమె పిండి గుప్పెళ్ళతో చల్లింది. సరిగ్గా అప్పుడే తుపాకీ పట్టుకుని ఒక సైనికుడు వచ్చాడు. నేను ఎదురెళ్ళి నిలబడ్డానని ఇప్పటికీ చెబుతుంటాను. నిజానికి నేనున్నది నాయనమ్మ కుచ్చిళ్ళ వెనక. వాడు తెల్లగా మెరుస్తున్న ఇంజను చూసి, మమ్మల్ని చూసి, ఏమిటిదని అరబీలో అడిగాడు. నాయనమ్మ తెలుగులోనే, "పిండి నాయనా, నూనెక్కడ కారుతోందో చూస్తున్నాం" అంది. వాడికి ఏం అర్థమైందో తెలియదు. పిచ్చివాళ్ళ కారు తనకెందుకనుకున్నాడేమో, "యల్లా, యల్లా" అంటూ కదలమని చెయ్యూపి పోయాడు.

నాన్న ఇంజను నడిపాడు. ఇంజను మూత అంచున ఒకచోట పిండి గోధుమరంగుకు తిరిగి, ముద్దయి, కింద కాలే పొగగొట్టం మీదికి జారింది. అట్టు మాడిన వాసన వేసింది. నాన్న ఇంజను ఆపి, నూనె కొలిచే పుల్ల తీసి చూశాడు. నూనె గీతకు చాలా పైన ఉంది. ఆయన తల్లి వైపు చూశాడు.

"ఎసరెక్కువైతే మూత కింద నుంచే పొంగుతుంది. పోయించింది నేనేగా, ఒంపెయ్" అంది ఆమె.

డిక్కీలో ఉన్న రెంచితో కింది బోల్టు వదులుచేసి, అదనపు నూనెను అన్నం గిన్నెలోకి దించాం. దించాం అంటే నాన్న దించాడు, నేను గిన్నె పట్టుకున్నాను. మూత బోల్టులు బిగించి, తుడిచి, మళ్ళీ పిండి చల్లి ఇంజను నడిపితే ఈసారి తెల్లగానే ఉండిపోయింది.

జహ్రాలో అందరూ మాకోసం ఎదురుచూశారని నేను చెప్పే కథలో ఉంటుంది. మేం చేరేసరికి పొద్దు వాలింది, అక్కడ ఎవరూ లేరు. నూనె కారేచోటు దొరికింది, అంతే. మిగతాదేదీ మా చేతుల్లో లేదు. ఒంటరిగానే ముందుకు పోయాం, రొట్టెలు లేకుండా, సరిహద్దు దాకా నలుగురం మళ్ళీ మాడు వాసన వస్తోందేమో చూసుకుంటూ.

గాభరా పుట్టినప్పుడు ఇంకాస్త పోద్దామని నా చెయ్యి ఇప్పటికీ ముందుకెళ్తుంది, డబ్బా అయినా మాట అయినా. అప్పుడు నాయనమ్మ పాత పంచె అడుగుతున్నట్టుంటుంది. ముందు తుడిచి చూడాలి.

నా కారు డిక్కీలో బియ్యప్పిండి పొట్లం ఒకటి ఉంటుంది. ఎన్నిసార్లు పనికొచ్చిందని మా పిల్లలు అడిగితే పదిసార్లంటాను. ఒక్కసారీ రాలేదు. పురుగు పట్టినప్పుడల్లా పారబోసి, కొత్తది పెడుతుంటాను.