పాస్‌పోర్టు పోయి అల్లుడొచ్చె

నేను జపాన్‌లో చదువుకుని, అక్కడే విదేశీయులకు జపనీస్ నేర్పుతున్నాను. పోయిన వేసవిలో నా తోటి టీచర్ కెంజిని మట్టెవాడలోని మా మేనత్త ఇంటికి తీసుకెళ్లాను. తిరుగు ప్రయాణం రోజున అతని పాస్‌పోర్టు కనిపించలేదు. సాయంత్రమే హైదరాబాద్‌లో విమానం. ఇల్లంతా తలకిందులు చేశాం. కెంజి ముఖం పాలిపోయింది.

చివరికి అత్త కట్టిచ్చిన సకినాల సంచిలో చెయ్యి పెట్టి, "అత్తా! అత్తా!" అని కేక పెట్టాడు. జపనీస్‌లో ఆ మాటకు 'దొరికింది' అని అర్థం.

పెళ్లీడు కూతురున్న మా అత్త పరుగెత్తుకొచ్చి, "ఏంది అల్లుడా?" అంది. ఆమె కూతురు నవ్వాపుకోలేక వంటింట్లో దాక్కుంది. నేను అర్థం చెప్పబోతే అత్త కసిరింది.

"నువ్వు జర ఊకో. పోరడు నోరారా పిలిచిండు."

భాష నేర్పడమే నా ఉద్యోగం. ఆ పూట మాత్రం నా అనువాదం ఎవరికీ అక్కర్లేకపోయింది.