అచ్చమ్మ క్రిస్మస్ పాఠం

మొదలుపెట్టిన పని సగంలో వదిలేయడమంటే కరుణశ్రీ టీచరుగారికి ఒళ్లు మంట. బాపట్లలో ఉద్యోగం చేసినన్నాళ్లూ సిలబస్ పూర్తికాకుండా సెలవు పెట్టి ఎరగదు. రిటైరై సొంతూరు రేపల్లె చేరాక కూడా కుదురుగా కూర్చోలేదు. కూలికెళ్లే ఆడవాళ్లకు చర్చి వరండాలో సాయంత్రం బడి పెట్టింది. ఈ డిసెంబరుతో ఆ బడి మూతపడుతోంది. జర్మనీలో నర్సుగా ఉన్న చెల్లెలు జెస్సీ క్రిస్మస్ సెలవులకు వచ్చి కొన్ని నెలలు తన దగ్గరే ఉండమని టిక్కెట్టు పంపింది. వెళ్లేలోపు ఒక్క పని ముగించాలని టీచరుగారి పట్టుదల. క్రిస్మస్ ఉదయం చర్చిలో పాఠం చదివేలా ఆ బడికొచ్చే కూలిమనిషి అచ్చమ్మను తయారు చెయ్యాలి.

ఆ చర్చిలో ఆరాధన మధ్యలో ఒకరు ముందుకెళ్లి, బల్ల దగ్గర నిలబడి ఆనాటి వాక్యం పైకి చదువుతారు. చదివేది ఉద్యోగస్తులు, లేదంటే వాళ్ల పిల్లలు. చాపల మీద కూర్చునే కూలి ఆడవాళ్లలో ఆ బల్ల దాకా వెళ్లినవాళ్లు లేరు.

అచ్చమ్మ చదువుకొచ్చింది ఆ బల్ల కోసం కాదు. ఆమె చెల్లెలు తెనాలిలో చనిపోయిన రోజున, కబురు తెలిసి ఏడుస్తూ బస్టాండుకు పరుగెత్తి, బోర్డు చదవడం రాక, అడగడానికి నోరు రాక, కదులుతున్న బస్సు ఎక్కేసింది. అది బాపట్ల బస్సు. తిరిగి తిరిగి తెనాలి చేరేసరికి మట్టి వేసేశారు. కడసారి చూపు దక్కలేదు. బస్సు బోర్డు చదవడం వస్తే చాలని బడికి వచ్చింది.

పెద్దవాళ్లకు వాచకాలు విసుగని టీచరుగారు చర్చి వాక్యాలతోనే చదువు చెప్పింది. సరిగ్గా అక్కడే పప్పులో కాలేసింది. అచ్చమ్మ ఇట్టే అందుకుంది. గొర్రెల కాపరుల దగ్గరికి దేవదూత వచ్చిన భాగమైతే వేలు పెట్టి, గుక్క తిప్పుకోకుండా, పేజీ కూడా సరైన చోటే తిప్పుతూ చదివేది. టీచరుగారు పొంగిపోయి పాస్టరు రాజ్ కుమార్ అయ్యగారితో మాట్లాడి, క్రిస్మస్ పాఠం ఆమెకే ఇప్పించింది. జెస్సీకి ఫోనులో గొప్పగా చెప్పుకుంది కూడా.

ప్రయాణం దగ్గరపడింది. ఓ సాయంత్రం అచ్చమ్మ చదువుతుండగా కరెంటు పోయింది. వరండా అంతా చిమ్మచీకటి. అచ్చమ్మ గొంతు మాత్రం ఆగలేదు. దేవదూత వచ్చాడు, కాపరులు భయపడ్డారు, ఒక్క మాట తప్పు పోలేదు. పక్కనున్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. చీకట్లో కనపడని పుస్తకం ఎలా చదువుతోందని టీచరుగారికి మాత్రం అనుమానం వచ్చింది.

కరెంటు వచ్చాక అందరినీ పంపేసి, సంచిలోంచి ఉప్పు ప్యాకెట్టు తీసి ముందు పెట్టింది.

"ఇది చదువు అచ్చమ్మా."

అచ్చమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి కింద పెట్టేసింది. తల ఎత్తలేదు.

"చిన్నప్పట్నుంచీ వింటన్న వాక్యమే గదమ్మా. నోటికొచ్చేసింది. నేను చదువుతన్నానని మీరు మురిసిపోతా ఉంటే, రాదని చెప్పబుద్ధి కాలా."

టీచరుగారికి కోపం ముంచుకొచ్చింది. అచ్చమ్మ మీద కాదు, తన మీదే. పుట్టినప్పటి నుంచి చర్చిలో పెరిగినవాళ్లకు నోటికి వచ్చిందేదో, కంటికి వచ్చిందేదో తేల్చుకోలేని పంతులమ్మ ఏం పంతులమ్మ? ఇన్నేళ్ల అనుభవం బూడిదలో పోసిన పన్నీరైందని కుమిలిపోయింది.

ఆ మర్నాటి నుంచి మళ్లీ 'అ ఆ'ల దగ్గర మొదలు. వాక్యం జోలికి పోలేదు. ఉప్పు, పప్పు, పలక, తెనాలి, బాపట్ల. సామాను సర్దుకోవాల్సిన పూటలు కూడా వరండాలోనే గడిచిపోయాయి. అచ్చమ్మ పొలం నుంచి కాళ్లు కడుక్కుని నేరుగా వచ్చేది. ఒత్తు వచ్చిన చోటల్లా ఆగిపోయేది, గుణింతాలు కలిసిపోయేవి. వెనకటి ధాటి ఏమైపోయిందో, ఒక్కో మాటకూ నుదుట చెమట పట్టేది. కుదురుకోవడానికి ఇంకొన్ని నెలలు కావాలి. ఆ నెలలు లేవు.

ఊరు విడిచే రోజు అచ్చమ్మ రైలు స్టేషనుకు వచ్చింది.

"పండగనాడు నన్నేం చెయ్యమంటారమ్మా?"

టీచరుగారు రెండు విధాలా ఆలోచించింది. చదవొద్దంటే ఈ మనిషి మళ్లీ ఆ బల్ల దగ్గరికి వెళ్లదు. అప్పజెప్పమంటే ఇన్ని రోజుల చదువుకూ అర్థం లేదు.

"నీ ఇష్టం అచ్చమ్మా. నోటికొచ్చింది చెప్పినా ఎవరికీ తెలీదు" అంది చివరికి. అన్నందుకు రైలు కదిలాక సిగ్గుపడింది.

జర్మనీలో జెస్సీ అక్కను కాలు కింద పెట్టనివ్వలేదు. బజార్లు తిప్పింది, దీపాలు చూపించింది, పులిహోర చేసిపెట్టింది. టీచరుగారు నవ్వాల్సిన చోట నవ్వుతూనే ఉంది. మనసు మాత్రం రేపల్లె చర్చిలోనే ఉంది. పని ముగించకుండా వచ్చేశానన్న బాధ ముద్ద మింగనివ్వలేదు.

పండగనాడు జర్మనీలో తెల్లవారేసరికే రేపల్లెలో ఆరాధన అయిపోయింది. ఉండబట్టలేక పాస్టరుగారికి ఫోను చేసి శుభాకాంక్షలు చెప్పి, పాఠం సంగతి అడిగింది. ఆయన కాస్త నసిగారు.

"ఏంటోనండి టీచరుగారూ, మీరటు వెళ్లగానే అచ్చమ్మ చదువంతా పోయిందండి. నీళ్లు తాగినట్టు చదివే మనిషి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుందండి. జనం విసుగ్గా కదిలారు కూడా."

"తప్పులేమైనా పోయాయా అయ్యగారూ?"

"పోయాయండి. 'కాపరులు' అన్న మాట ఆమెకి నిద్రలో లేపినా వచ్చు గదండీ. దాన్నే తప్పు చదివి, మళ్లీ వెనక్కెళ్లి దిద్దుకుందండి. రెండు వాక్యాలకే చెమటలు పట్టేశాయి. మూడోదాంట్లో ఏదో ఒత్తు దగ్గర ఆగిపోయి, చాలాసేపు చూసి, పుస్తకం మూసేసి వచ్చి కూర్చుందండి. మిగతాది నేనే చదివానండి. మీరేం అనుకోకండి."

టీచరుగారు ఫోను పెట్టేసింది. వంటింట్లోంచి వచ్చిన జెస్సీ అక్క కళ్లనిండా నీళ్లు చూసి కంగారుపడింది.

"ఏమైందక్కా?"

"చదివిందే జెస్సీ" అంది కరుణశ్రీ వెక్కుతూ. "అచ్చమ్మ రెండు వాక్యాలు చదివింది."