ఏసీ ఆపి చదివిన పాఠాలు

మస్కట్‌లో నాది గొంతుతో చేసే ఉద్యోగం. పాటగాడినేమో అనుకునేరు, అంత అన్యాయం ఎవరికీ చేయలేదు. చూపు లేని పిల్లలకూ, చదవబోతే అక్షరాలు కుదురుగా నిలవని పిల్లలకూ ఫ్రెంచ్‌లో చదువు చెప్పే చిన్న బడి ఒకటుంది. పిల్లలు నలుగురు. హైదరాబాద్‌లో ఫ్రెంచ్ ఎం.ఏ. చేసి, దాన్నేం చేసుకోవాలో తెలియక తిరుగుతున్న నన్ను అక్కడ సహాయకుడిగా తీసుకున్నారు. పాఠ్యపుస్తకాలు పైకి చదివి రికార్డు చేస్తే పిల్లలు ఇంటి దగ్గర విని నేర్చుకుంటారు.

బడిలో గోల కాబట్టి రికార్డింగ్ నా రూమ్‌లోనే. ఏసీ మోత పడుతుందని ఆపేసేవాణ్ణి. జూన్ నెలలో, కిటికీలు బిగించుకుని, ధ్రువాల దగ్గరి మంచు గురించి చెమటలు కక్కుతూ చదివాను. అజాన్ వినిపిస్తే ఆగి, అయ్యాక అందుకునేవాణ్ణి. చాలా రోజులు నా నోటి వెంట వచ్చిన మాటలు అవే. అవతల ఎవరూ లేరు కాబట్టి మాటా మాటా పెరిగే ప్రమాదం ఉండేది కాదు.

పక్క ఫ్లాట్‌లో కాకినాడ నుంచి వచ్చిన నర్సు అక్క ఉండేది. అక్కడ వారం సెలవు శుక్రవారమే, చర్చి కూడా ఆ రోజే. ఒక శుక్రవారం చర్చికి వెళ్తూ నా తలుపు దగ్గర ఆగింది.

"ఏం తమ్ముడూ, రోజూ మధ్యాహ్నం ఎవరితో ఆ గొడవ?"

"ఎవరూ లేరక్కా. పాఠం."

"ఒక్కడివేనా! చెప్పకుండా పెళ్ళి చేసుకున్నావేమో అనుకున్నాను. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే నీ ఫ్రెంచే నాకు జోలపాట."

నలుగురిలో పెద్దది పన్నెండేళ్ళ అమ్మాయి. పుట్టుకతోనే చూపు లేదు. తండ్రి ట్యునీషియా ఇంజనీరు, ఇంట్లో అరబ్బీ. బ్రెయిలీ మా బడి నడిపే ఫ్రెంచ్ మేడమ్ నేర్పారు. నోటి మాట మాత్రం నా రికార్డింగుల్లోంచి పట్టుకుంది. ఆ ఏడాదితో మా దగ్గర ఆమె చదువు అయిపోతుంది. ఫ్రాన్స్‌లో చూపులేని పిల్లల బడిలో సీటొస్తే ముందుకు, రాకపోతే ఇంటికి. అందుకోసం వీడియోలో పరీక్ష పెట్టారు.

ఆ రోజు అమ్మాయికి చెరోపక్కా మేడమ్, నేనూ కూర్చున్నాం. తెర మీద ఒకావిడ కథ చదివి, తిరిగి చెప్పమంది. అమ్మాయి తడుముకోకుండా అందుకుంది. 'ర'లన్నీ మా కృష్ణా జిల్లాలో లాగా గలగలమన్నాయి. వాక్యం చివర మా ఇంటి దీర్ఘం. నా ఫ్రెంచ్‌ను బయటినుంచి వినడం నాకదే మొదలు. అప్పటిదాకా పారిస్‌లో పుట్టినవాడిలా మాట్లాడతానని నా నమ్మకం.

సగం కథ అయ్యాక అమ్మాయి ఊపిరి పీల్చుకుని, స్పష్టమైన తెలుగులో, "ఆఁ... తర్వాత," అంది.

తెర మీది ఆవిడ రాస్తున్న పెన్ను ఆపింది. "అంటే?"

"పేజీ తిప్పేటప్పుడు అలా అనాలి మేడమ్," అంది అమ్మాయి, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

రికార్డింగుల్లో పడ్డ నా గొణుగుళ్ళు కత్తిరించాలని నాకెప్పుడూ తోచలేదు. మేడమ్ నావైపు చూశారు. నేను కీబోర్డు వైపు చూశాను.

"ఇంకేమైనా అనాలా?"

"బాగా వేడిగా ఉంటే 'అబ్బా' అనాలి."

ఆవిడ నవ్వింది. కథలోంచి ఇంకా చాలా అడిగింది. దేనికీ అమ్మాయి తప్పు చెప్పలేదు.

"సీటు ఇస్తున్నాం," అంది చివరికి. "ఉచ్చారణ సంగతి ఇక్కడ సరిదిద్దుతాం."

అందరం చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టాను. సరిదిద్దాల్సిందే మరి. కాకపోతే, నాలా ఫ్రెంచ్ మాట్లాడే మనిషి భూమ్మీద ఇంకొకరు ఉన్నారని అప్పుడే కదా తెలిసింది.

వెళ్ళేముందు అమ్మాయి అడిగింది.

"మెస్యూ, అక్కడ పాఠాలు ఎవరు చదువుతారు?"

"స్టూడియోలో చదువుతారు. మంచి గొంతులు."

"పేజీ తిప్పితే వినిపిస్తుందా?"

"వినిపించదు."

"అయితే మనిషి ఉన్నట్టు ఎలా తెలుస్తుంది?"

"వెళ్ళి కనుక్కో," అన్నాను.

మిగిలిన ముగ్గురివీ చిన్న తరగతులు. వాళ్ళ పాఠాలు ఎప్పుడో చదివేశాను. మధ్యాహ్నాలు ఖాళీ.

మొన్న అక్క తలుపు కొట్టింది.

"ఏం తమ్ముడూ, చప్పుడే లేదు? ఊరెళ్ళావనుకున్నాను."

"ఇక్కడే ఉన్నానక్కా. ఏసీ వేసుకున్నాను."